చివర వచ్చినవాడు



మా మందిరము ముందునుండి తారురోడ్డు పోవుచున్నది. తెల్లవారుజామున నాలుగున్నరకు మేము ప్రార్థనకు లేచు వేళకు ఆ రోడ్డుమీద కాళ్ల చప్పుడు వినబడును. మా ఊరి పడుచువాళ్లు, ప్రక్క ఊళ్ల పడుచువాళ్లు పోలీసు కానిస్టేబులు ఎంపికకో, సైన్యపు ర్యాలీకో పరుగు సాధన చేయుచుందురు. కొందరికి బూట్లుండును, కొందరికి ఉండవు. వారు దాటి పోవుచున్నప్పుడు మేము కిటికీ దగ్గరనుండియే వారి కొరకు ఒక మాట ప్రార్థన చేయుట అలవాటు.

కొన్ని సంవత్సరముల క్రితము ఒకనాటి ఉదయమున ఆ చప్పుడులో ఒక జత కాళ్లు తగ్గినవి. మేము గమనించలేదు. గమనించవలసినది. మూడవ రోజున సంఘములోని ఒక తల్లి మా ఇంటికి వచ్చి, గుమ్మము దగ్గరనే నిలబడి, కొంగు నోటికి అడ్డము పెట్టుకొని ఇట్లన్నది:

"అయ్యగారండీ, మా పెద్దోడు రెండు రోజుల్నించి అన్నం ముట్టడం లేదండీ. గొడ్ల చావిట్లో పడుకుని ఉన్నాడు. నాకు భయమేసి, చేలో పురుగుమందు డబ్బా తీసుకొచ్చి మా చెల్లెలింట్లో దాచానండీ."

ఆ కుర్రవాడు రెండుసార్లు ఓడిపోయినాడు. ఒకసారి సైన్యపు ర్యాలీలో, ఒకసారి పోలీసు ఎంపికలో. రెండుసార్లును వ్రాతపరీక్షలో కాదు, పరుగులోనే. 1600 మీటర్లు. రెండవసారి కొద్ది సెకండ్లలో తప్పిపోయినది. శిక్షణకు పట్నములో ఉంచుటకు తండ్రి వడ్డీకి అప్పు తెచ్చినాడు. ఊరిలో అందరికిని తెలుసు. వాడు రోడ్డుమీదికి వచ్చిన చాలు, "ఏరా, ఏమయింది?" అని అడుగువారే. ఆ ప్రశ్నలో ద్వేషము లేదు గాని, జవాబు చెప్పవలసినవానికి అది ముల్లువలె గ్రుచ్చుకొనును.

మేము వెళ్లినాము. ప్రియులారా, ఇక్కడ మీ ఎదుట ఒక సంగతి ఒప్పుకొనవలెను. ఆ నెలలో మా స్వంత రాజీనామా ఉత్తరము మా బైబిలులో ఉన్నది. సంఘములో రెండు కుటుంబముల మధ్య పుట్టిన తగవు మందిరము లోపలికి వచ్చినది. ఆదివారము సగము బెంచీలు ఖాళీ. పదునాలుగు సంవత్సరముల సేవకు ఫలమేమని మేమును అడుగుకొనుచున్నాము. అట్టి మేము, "ఓపిక పట్టు బాబూ" అని చెప్పుటకు ఆ గొడ్ల చావిడిలో అడుగు పెట్టినాము. ఒక ఓడిపోయినవాడు మరియొక ఓడిపోయినవాని దగ్గరకు పోయినట్లుండెను.

వాని మంచము ప్రక్కన కూర్చుండి, ఏమి చెప్పవలెనో తెలియక, మాకు తెలిసిన ఒక పరుగు కథ చెప్పినాము.

1968వ సంవత్సరము అక్టోబరు 20వ తేదీన మెక్సికో నగరములో ఒలింపిక్ మారథాను పందెము జరిగినది. దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. ఆ నగరము ఇంచుమించు మన ఊటీ ఉన్నంత ఎత్తున, 2,240 మీటర్ల ఎత్తున ఉన్నది. అంత ఎత్తున గాలి పలచన. ఒక్కొక్క శ్వాసలో దొరకు ప్రాణవాయువు సముద్ర తీరములో కంటె దాదాపు నాలుగవ వంతు తక్కువ. డెబ్బది మందికి పైగా బయలుదేరినారు. వారిలో టాంజానియా దేశస్థుడైన జాన్ స్టీఫెన్ అఖ్వారి ఒకడు. టాంగన్యికా, జాంజిబారు కలిసి ఆ దేశము ఏర్పడి అప్పటికి నాలుగే సంవత్సరములు.

పందెము సగము దూరమునకు కొంచెము ముందు, గుంపులో తోపులాట జరిగి అఖ్వారి క్రింద పడినాడు. మోకాలు కీలు తప్పినది, భుజము నేలకు గట్టిగా తగిలినది. కాలికి కట్టు కట్టించుకొని మరల లేచినాడు. కొంత దూరము పరుగు, కొంత దూరము నడక, కొంత దూరము కుంటుట. గెలిచిన ఇథియోపియా వీరుడు మామో వోల్డే 2 గంటల 20 నిమిషముల 26 సెకండ్లలో చేరినాడు. పతకములు ఇచ్చుటయు అయిపోయినది. జనము చాలవరకు వెళ్లిపోయినారు. ప్రొద్దు గ్రుంకినది. అప్పుడు ఒక కాలు ఈడ్చుకొనుచు అఖ్వారి స్టేడియములోనికి వచ్చినాడు. మిగిలియున్న కొద్ది మంది లేచి చప్పట్లు కొట్టుచుండగా గీత దాటినాడు. పట్టిన కాలము 3 గంటల 25 నిమిషముల 27 సెకండ్లు. గమ్యము చేరినవారు 57 మంది. అతడు 57వ వాడు.

ఎందుకు మానలేదని విలేఖరులు అడిగినప్పుడు అతడు చెప్పిన దాని భావమిది: పందెము మొదలుపెట్టి రమ్మని కాదు, ముగించి రమ్మని నా దేశము నన్ను ఇంత దూరము పంపినది.

కథ చెప్పి మేము కొంచెము గర్వముతోనే వాని ముఖము చూచినాము. వాడు గోడవైపు తిరిగి అన్నాడు: "ఆయన చివర వచ్చినా ఒలింపిక్సుకి వెళ్లాడు కదండీ. నేను మండలం దాటలేదు."

మా దగ్గర జవాబు లేదు. నొచ్చుకొనియున్నవానికి గొప్పవారి కథ చెప్పుట ఒక్కొక్కసారి పుండుమీద ఉప్పు చల్లినట్లే. ప్రసంగము చేయువారమైన మేము ఆనాడు నేర్చుకొన్న మొదటి పాఠము అది. అటు తరువాత మేమేమియు మాటలాడక అక్కడే కూర్చుంటిమి. వాని తల్లి పెరుగన్నము కలిపి తెచ్చినది. మేము రెండు ముద్దలు తిని, ఆ కంచము వానివైపు జరిపినాము. చాలా సేపటికి వాడు లేచి తిన్నాడు. తిని నిద్రపోయినాడు.

ఇంటికి వచ్చి 1 రాజుల గ్రంథము 18, 19 అధ్యాయములు తెరచినాము. ఎన్నిసార్లు చదివినను కనబడనిది ఆ రాత్రి కనబడినది. ఏలీయా పరుగెత్తినవాడు! కర్మెలునుండి యెజ్రెయేలు వరకు అహాబు రథమునకు ముందుగా పరుగెత్తినాడు. అంతటి పరుగు తరువాతి అధ్యాయములోనే బదరీవృక్షము క్రింద కూలబడి, చావు కోరుకొన్నాడు. దేవుడు అతనిని గద్దించెనా? ప్రసంగము చేసెనా? లేదు. నిద్రపోనిచ్చినాడు. నిప్పులమీద కాల్చిన రొట్టెయు, నీళ్లును దూతచేత పంపినాడు. తిన్న తరువాత మరల నిద్రపోనిచ్చినాడు. ఈ ప్రయాణము నీ శక్తికి మించినదని ఒప్పుకొన్నవాడు దేవుడే. ముందు రొట్టె, నిద్ర. మాట ఆ తరువాత.

కాబట్టి మరునాడు మేము కథలు మాని, తెల్లవారుజామున వాని ఇంటికి పోయి, "నాన్నా, డాక్టరుగారు నన్ను రోజూ నడవమన్నారు. ఒక్కణ్ణే నడవాలంటే కుక్కలు వెంటపడుతున్నాయి. తోడు వస్తావా?" అని అడిగినాము. కుక్కల మాట నిజమే. డాక్టరుగారి మాటయు నిజమే. వాడు ఇష్టము లేకనే వచ్చినాడు. నాలుగవ రోజున మేము పరుగెత్తుటకు ప్రయత్నించి, రెండు ఫర్లాంగులు కూడా పోలేక కాలువ మీది కల్వర్టుమీద కూర్చుంటిమి. ఆయాసపడుచున్న మమ్మును చూచి వాడు నవ్వినాడు. ఎన్నో దినముల తరువాత వాని నవ్వు అది. మా పొట్టకు దేవుని సేవలో ఒక ప్రయోజనము కలిగినదని మా ఇంటి అమ్మగారు నేటికిని అనుచుందురు.

ఆ కల్వర్టుమీద రెండవ కథ చెప్పినాము. ఇది గెలిచినవాని కథ కాదు, చివర వచ్చినవాని కథ కూడా కాదు. సిగ్గుపడి వెళ్లిపోయినవాని కథ.

1912లో స్వీడను దేశపు స్టాక్‌హోమ్‌లో ఒలింపిక్ పోటీలు జరిగినవి. జపాను దేశమునుండి షిజో కనాకురి అను యువకుడు ఓడమీదను, సైబీరియా గుండా పోవు రైలులోను పదునెనిమిది దినములు ప్రయాణము చేసి అక్కడికి చేరినాడు. మారథాను నాడు భయంకరమైన ఎండ. బయలుదేరినవారిలో దాదాపు సగము మంది ముగించలేకపోయినారు. పోర్చుగలు దేశస్థుడొకడు ఆ ఎండకు పడిపోయి మరునాడు మరణించినాడు. కనాకురి కూడా దారిలో సొమ్మసిల్లగా ఒక కుటుంబమువారు ఆదరించినారు. కోలుకొన్న తరువాత అతడు అధికారులకు చెప్పకుండ మౌనముగా స్వదేశమునకు వెళ్లిపోయినాడు. వారి లెక్కలో అతడు పందెము మానినవాడు కాడు, కనబడకుండ పోయినవాడు.

అయితే అతడు పరుగును విడువలేదు. 1920లోను, 1924లోను మరల ఒలింపిక్ మారథానులో పాల్గొన్నాడు. 1920లో జపానులో ప్రారంభమైన హకోనె ఎకిడెన్ అను దూరపు జట్టు పరుగునకు మూలపురుషులలో అతడొకడు. జపానువారు అతనిని మారథాను పరుగునకు తండ్రి అందురు. 1967లో స్వీడనువారు అతనిని పిలిచి, మిగిలిన పరుగు ముగించుమనిరి. 75 సంవత్సరముల వృద్ధుడు స్టాక్‌హోమ్ స్టేడియములో గీత దాటినాడు. వారు ప్రకటించిన కాలము 54 సంవత్సరముల 8 నెలల 6 దినముల 5 గంటల 32 నిమిషముల 20.3 సెకండ్లు!

వాడు చాలా సేపు కాలువ నీళ్ల వంక చూచి, "అంటే, ఆయన చెప్పకుండా వెళ్లిపోయినా ఎవరూ తిట్టలేదాండీ?" అని అడిగినాడు. అది వాడు అడిగిన మొదటి ప్రశ్న. ఓటమి వానిని కృంగదీయలేదు, సిగ్గు కృంగదీసినదని మాకు అప్పుడు అర్థమైనది. తండ్రి ముఖము చూడలేక చావిడిలో పడుకొన్నాడు. ఆ దినమే ఇంటికి పోయి, వానిని తండ్రితో కూర్చుండబెట్టినాము. తండ్రి ఎక్కువ మాటలాడువాడు కాడు. "అప్పు నాది రా. నీది కాదు" అన్నాడు. అంతే. మా పది ప్రసంగములు చేయలేనిది ఆ ఒక్క మాట చేసినది.

అటు తరువాత పరుగు సంగతి. పదవీ విరమణ చేసిన ఒక డ్రిల్లు మాస్టారు మా మండలములో ఉన్నారు. వానిని ఆయన దగ్గరకు తీసికొనిపోయినాము. ఆయన చేతిలో గడియారము పెట్టుకొని వానిని పరుగెత్తించి ఒక్క మాటలో తప్పు చెప్పినారు. 1600 మీటర్లు అనగా 400 మీటర్ల చుట్లు నాలుగు. వీడు మొదటి చుట్టు గుంపులో ముందున్నవారితో సమానముగా, ఉన్న బలమంతయు పెట్టి పోవుచున్నాడు. మూడవ చుట్టుకు కాళ్లు బరువెక్కుచున్నవి. నాలుగవ చుట్టు ఈడ్చుచున్నాడు. కొరత వాని గుండెలో లేదు, మొదటి చుట్టులో ఉన్నది.

దూరపు పరుగులో ఇది మరింత నిజము. మన కండరములలోను, కాలేయములోను శరీరము దాచుకొనిన శక్తి, వేగముగా పరుగెత్తువానికి ఇంచుమించు 30 కిలోమీటర్లకు అడుగంటును. అక్కడ ఎదురుగా గోడ లేచినట్లుండునని పరుగెత్తువారు చెప్పుదురు. తొందరపడి మొదలుపెట్టినవానికి ఆ గోడ మరింత ముందుగా వచ్చును. ఎరిగినవాడు మొదట తనను తాను అదుపులో పెట్టుకొనును, ఇతరులు దాటి పోవుచున్నను పోనిచ్చును, దప్పిక కాకముందే నీళ్లు త్రాగును.

మన ఇండ్లలో చూడుడి. క్రొత్తగా పెండ్లియైనవారు మొదటి సంవత్సరములోనే ప్రక్కవాని ఇంటితో సమానముగా ఇల్లు కట్టవలెనని అప్పు చేయుదురు. క్రొత్తగా రక్షణ పొందిన యౌవనుడు నలుబది దినములు ఉపవాసమని మొదలుపెట్టి, నలుబది యొకటవ దినమున మందిరమునకే రాడు. రైతు ఒక్క పంటతోనే అప్పులన్నియు తీర్చవలెనని ఉన్న ఎకరములన్నియు ఒకే పైరు వేయును. వీరందరు మొదటి చుట్టులో ముందున్నవారే.

అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు పందెపు రంగమును గూర్చి వ్రాసినప్పుడు (1 కొరింథీ 9:24–27) ఆ ఊరివారికి అది వింత మాట కాదు. కొరింథు దగ్గరనే రెండు సంవత్సరములకొకసారి ఇస్త్మియా క్రీడలు జరుగుచుండెను. గెలిచినవానికి ఇచ్చునది ఆకుల కిరీటము, కొద్ది దినములలో వాడిపోవునది. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయము మొదటి వచనములో మనము ఓపిక అని చదువు మాటకు గ్రీకు భాషలో "హుపొమొనే" అని ఉన్నది. క్రింద నిలిచియుండుట అని ఆ మాట పుట్టుక. బరువు నెత్తిమీద ఉన్నను క్రిందనుండి తప్పుకొనకుండుట. అది వేగము కాదు, గెలుపు కూడా కాదు. ఆ వచనమే, ఓపికతో పరుగెత్తుటకు ముందు, అక్కరలేని బరువు తీసివేయుమని చెప్పుచున్నది. మా కుర్రవాని విషయములో ఆ బరువు సిగ్గు. మా విషయములో, బైబిలులో దాచిన ఉత్తరము.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలెను. ఓపిక అనగా ఏ పందెమును ఎన్నటికిని మానకూడదని కాదు. అఖ్వారి పడి లేచిన ఆ 1968 పందెములోనే అబెబె బికిలా కూడా ఉన్నాడు. 1960లో రోము నగరములో చెప్పులు లేకుండ పరుగెత్తి గెలిచినవాడు, 1964లో టోక్యోలో మరల గెలిచినవాడు. మెక్సికోలో కాలి గాయమువలన సగము కూడా కాకముందే తప్పుకొన్నాడు. ఎవరును అతనిని పిరికివాడనలేదు. 1969లో కారు ప్రమాదమువలన అతని కాళ్లు చచ్చుపడినవి. మరుసటి సంవత్సరమే చక్రముల కుర్చీలో కూర్చుండి ఇంగ్లాండులో విలువిద్య పోటీలో పాల్గొన్నాడు. ఒక పందెము విడిచినాడు, జీవితమును విడువలేదు. ఈ రెంటికి మధ్య ఎంత దూరమున్నదో మన పిల్లలకు చెప్పవలసినవారము మనమే. ఉద్యోగము ఒక పందెము. పరీక్ష ఒక పందెము. వాటిలో ఓడవచ్చును, వాటిని మానవచ్చును. దేవుడిచ్చిన ప్రాణము పందెములలో ఒకటి కాదు.

మా కుర్రవాడు ఏమైనాడని అడుగుదురు. తరువాత వచ్చిన ఎంపికలో 1600 మీటర్లు సమయము లోపలనే ముగించినాడు. గీత దాటి మాకు ఫోను చేసి ఏడ్చినాడు. అయితే చివరి వ్రాతపరీక్షలో కొద్ది మార్కులు తక్కువై ఉద్యోగము రాలేదు. ఇట్లు వ్రాయుటకు మాకును కష్టముగానే ఉన్నది. కాని ఈసారి వాడు చావిడిలో పడుకొనలేదు. ఆ సాయంకాలమే తండ్రితోపాటు గొడ్లకు గడ్డి కోయుటకు పోయినాడు. ఇప్పుడు పాల కేంద్రములో పని చేయుచున్నాడు. అప్పులో సగమునకు పైగా తీరినది. తెల్లవారుజామున రోడ్డుమీద చిన్నవాళ్లను పరుగెత్తించుచు, "మొదటి చుట్టు మెల్లగా రా!" అని కేకలు వేయుచుండును. ఆ కేక వినబడనిదే మాకు ప్రార్థన మొదలు కాదు.

మా ఉత్తరమా? కల్వర్టు దగ్గర కూర్చున్న ఆ నెలలోనే ఒక ఉదయము దానిని చించి కాలువలో వేసినాము. తగవుపడిన రెండు కుటుంబములలో ఒకటి తిరిగి వచ్చినది. రెండవది ఇంకను రాలేదు. ప్రతి పండుగకు వెళ్లి పిలుచుచున్నాము.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ అన్నము మానినను, నిద్ర మానినను, ఎవరి ముఖము చూడకున్నను, దానిని మొండితనమనియు, విశ్వాసలోపమనియు అనకుడి. ఒంటరిగా విడువకుడి. పురుగుమందు అందుబాటులో ఉంచకుడి. చావు మాట వాడు అనుచున్నాడేమో అని సూటిగా, ప్రేమతో అడుగుడి. అడిగినందువలన ఆ తలంపు పుట్టదు. డాక్టరు దగ్గరకు తీసికొనిపోవుట ప్రార్థనకు విరోధము కాదు. 14416 అను నంబరుకు ఫోను చేసినయెడల ప్రభుత్వపు టెలీ మానస్ సేవలో రాత్రింబగళ్లు తెలుగులోనే ఉచితముగా మాటలాడుదురు. ఏలీయాకు దూత తెచ్చిన రొట్టె ఈ దినములలో అనేక చేతులగుండా వచ్చుచున్నది.

ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలో 1 రాజులు 19వ అధ్యాయము చదువుకొనుడి. పక్షవాతము వచ్చిన భర్తకు ఏండ్ల తరబడి సేవ చేయుచున్న అమ్మా, వాన రాని మూడవ ఏట మరల విత్తనము చల్లిన అన్నా, మీరు వెనుకబడినారని లోకము చూచి వెళ్లిపోయినను, ప్రొద్దు గ్రుంకినను, గీత దగ్గర మన ప్రభువు ఇంకను నిలిచియున్నాడు. ఆయన గడియారము చూచుటలేదు, మీ కొరకు చూచుచున్నాడు.

ప్రార్థన: తండ్రీ, మొదటి చుట్టులో మాకు నెమ్మదియు, చివరి చుట్టులో మాకు బలమును దయచేయుము. పడినవారి ప్రక్కన కూర్చుండు ఓపిక మాకిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.